చాప పోయింది, పొయ్యిరాళ్ళూ పోయాయి

"దొంగ ఎటునుంచి లోపలికొచ్చాడు?" అని అడిగాడు కెప్టెన్ పెనితుసి.

ఇన్‌స్పెక్టర్ ఫెతూ ఆ ఇంటిని చుట్టూ ఒకసారి చూసింది. గుండ్రంగా పాతిన స్తంభాలు, వాటి మీద కప్పు. అంతే. సమోవా పల్లెల్లో పెద్దమనిషి ఇల్లంటే అదే. గోడ అన్నది మచ్చుకైనా లేదు.

"ఎటునుంచి రాలేదో అడగండి. తొందరగా తేలుతుంది," అంది.

కెప్టెన్ నవ్వలేదు. ఆయన నవ్వే మనిషి కాదు. కళ్ళకు నల్లద్దాలు, ఆ ఎండలో చేతులకు రబ్బరు తొడుగులు, నడుముకు కొలతల టేపు. నుకుమాతా అనే బుల్లి దీవుల దేశానికి పోలీసు, సైన్యం, కస్టమ్సు అన్నీ ఆయనే. వాళ్ళ ప్రధాని లపానాకు అంగరక్షకుడిగా వచ్చాడు. ఎప్పుడో విదేశంలో మూడు వారాలు నేరపరిశోధన నేర్చుకున్నాడు. ఆ మూడు వారాల గొప్పలు లోతోఫలా గ్రామం మూడు రోజులుగా వింటూనే ఉంది.

ఫెతూ అయితే ఆ పూట పోలీసుగా రానేలేదు. పుట్టినూళ్ళో ఆదివారం ప్రార్థనకు, ఆ తర్వాత భోజనానికి తెల్ల గౌను వేసుకుని, వెడల్పాటి టోపీ పెట్టుకుని వచ్చింది. ప్రార్థన అయింది. విస్తరి ముందు కూర్చోబోతుంటే మావయ్య ఉలుఫాలె గుండెలు బాదుకుంటూ కేక వేశాడు. పైఅధికారికి ఫోను చేస్తే, "నువ్వక్కడే ఉన్నావుగా తల్లీ, చూసెయ్," అని నోట్లో ముద్దతోనే చెప్పి పెట్టేశాడు. ఆ ముద్ద శబ్దం ఇంకా ఆమె చెవిలోనే ఉంది.

పోయింది చాప. చాపేగా అని ఈ ఊళ్ళో ఎవరైనా అంటే వాళ్ళకు ఆ రాత్రి భోజనం పెట్టరు. మొగలాకును దారమంత సన్నగా చీల్చి ఏళ్ళ తరబడి అల్లిన చాప అది. పట్టుగుడ్డలా మడతపడుతుంది. అంచుకు ఎర్ర ఈకలు. దానికో పేరు కూడా ఉంది, తిమువై అని. మనుషుల పేర్లు మరిచిపోయినా ఇక్కడివాళ్ళు చాపల పేర్లు మరిచిపోరు.

మర్నాడు పొద్దున్న ఎనిమిది చిన్న దీవుల దేశాల నాయకులు ఈ ఊరి సభామందిరంలో ఒక ఒప్పందం మీద సంతకాలు చెయ్యాలి. ఇకమీద ఎవరి సముద్రంలో ట్యూనా చేపలు పట్టాలన్నా విదేశీ ఓడలు ఎనిమిది దేశాలనూ కలిపి అడగాలి. ఇన్నాళ్ళూ ఒక్కొక్కరినే విడిగా పిలిచి, విందు పెట్టి, చెవిలో పువ్వు పెట్టి పంపించేవారు. ఎనిమిదింటిలోకీ పెద్ద సముద్రం నుకుమాతాది. ఆ ప్రధాని లపానా మొదటినుంచీ ఊగిసలాడుతున్నాడు. అందరిముందూ ఆయన ఒళ్ళో తిమువైని పరిచి గౌరవిస్తే ఇక కాదనలేడని పెద్దల ఎత్తు.

ఆ చాపకు కాపలా ఉలుఫాలె. ఊరి తరఫున సభల్లో మాట్లాడే పెద్ద ఆయన. ఉలుఫాలె అన్నది ఆయన పేరు కాదు, బిరుదు. సాయంత్రం ప్రార్థన అయ్యాక పంచాయితీ కూర్చుంటుంది. అప్పటికి చాప దొరక్కపోతే బిరుదు లాగేసుకుంటారు. ఊరు మెచ్చేలా నలభై ఏళ్ళు మాట్లాడిన మనిషి రేపటినుంచి సభలో నోరు విప్పకూడదు. మిగిలేది చిన్నప్పుడు పాస్టరు పెట్టిన పేరు. అదేమిటో ఆయన భార్యకే గుర్తులేదు. పైగా పందుల జరిమానా. ఆ పందులు మేనకోడలే కొనివ్వాలి. ఫెతూకు పందుల బెంగ లేదు గానీ, మావయ్య నోరు మూతపడితే తాను తట్టుకోలేదు. తండ్రి పోయాక ఆమెను పోలీసు పరీక్షకు పంపాలని ఊరితో పోట్లాడి గెలిచింది ఆ నోరే.

"ఇదీ నేరస్థలం," అంటూ కెప్టెన్ నేలమీది పరుపు చుట్టూ సుద్దముక్కతో గీత గీశాడు.

"శవానికి గియ్యాలి గదా అది?" అన్నాడు ఉలుఫాలె బెదురుగా. "నేను పడుకునే పరుపయ్యా. ఇవాళ రాత్రి పడుకోవచ్చా, కూడదా?"

"సాక్ష్యం తారుమారు చెయ్యకూడదు."

"మరి నడుం వాల్చేదెక్కడ?"

"మావయ్యా, పరుపు సంగతి తర్వాత," అంది ఫెతూ. "చాప ఎక్కడ పెట్టావు?"

"ఎక్కడ పెడతారే? పరుపు కింద. మొదట రెండు మామూలు చాపలు, వాటి కింద తిమువై. నా బరువు పడుతుంటే మడతలు రాకుండా సాపుగా ఉంటుంది. మా నాన్నా అంతే, తాతా అంతే. చర్చికి వెళ్ళేముందు చెయ్యిపెట్టి చూసుకున్నాను. ఉంది. తిరిగొచ్చి చూసుకుంటే లేదు."

"దేశాల భవిష్యత్తుని పరుపు కింద పెట్టారు!" అన్నాడు కెప్టెన్. "మా దేశంలో అయితే ఇనప్పెట్టెలో పెడతాం."

"మీ దేశంలో ఇనప్పెట్టె ఉందా?"

"తెప్పిస్తున్నాం."

ఫెతూ మోకాళ్ళమీద కూర్చుని పరుపు ఎత్తింది. పై చాపలు రెండూ అంచుకు అంచు కలిసి ఉన్నాయి. సన్నఅల్లిక పైన, ముతకఅల్లిక కింద. దొంగతనానికొచ్చినవాడు లాగి పారేస్తాడు. ఈ మనిషి ఎత్తి, తీసి, మళ్ళీ సర్ది, పరుపు కూడా దులిపి వెళ్ళాడు. అత్తగారింట్లో కొత్తకోడలు కూడా ఇంత భక్తిగా పక్క సర్దదు. దొంగెవరో గానీ, చాప విలువ తెలిసినవాడు, చాపంటే భయమున్నవాడు.

లేచి చూస్తే ఇంకోటి కనిపించింది. ఇంటి చుట్టూ కొబ్బరాకు తడికలన్నీ గాలికోసం పైకి చుట్టి ఉన్నాయి. సముద్రంవైపు ఒక్కటి దించి ఉంది.

"ఇది నువ్వు దించావా?"

"ఈ ఉక్కలోనా? పిచ్చా నాకు?"

తడిక కిందితాడు స్తంభానికి కట్టి ఉంది. మూడు చుట్లు, మధ్యలోంచి ఒక మెలిక, చివర లోపలికి దోపారు. లాగేకొద్దీ బిగుసుకుంటోంది. మావయ్య కట్టే ముడులు పిల్లి లాగినా ఊడతాయి. ఇది ఆయన పని కాదు, బయటికి కనబడకుండా దొంగ దించుకున్నదే.

"కెప్టెన్ గారూ, మీరు చూడందే తేలదు గానీ," అంది ఫెతూ చాలా వినయంగా, "ఇదేం ముడో చెబుతారా?"

కెప్టెన్ ముఖం విప్పారింది. ఆ మూడు రోజుల్లో ఆయన్ని ఎవరైనా ఏదైనా అడగడం అదే మొదలు. "దీనికి అడగాలా? పడవ బోల్తా పడకుండా పక్కన దుంగ కట్టే ముడి. ప్రపంచంలో మా నుకుమాతావాళ్ళు తప్ప ఇంకెవడూ ఇలా కట్టలేడు. నడక రాకముందే మాకు ఈ ముడి వస్తుంది. చూడండి, నా ఈల తాడుకి కూడా..."

అక్కడ ఆగాడు. నల్లద్దాల వెనక కళ్ళు ఏమయ్యాయో తెలియలేదు గానీ, చెయ్యి మాత్రం ఈల తాడును జేబులో కుక్కేసింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది.

"చూశాను," అంది ఫెతూ.

"మీరు... ఒక సార్వభౌమ దేశాన్ని అనుమానిస్తున్నారు!"

"నేను ముడిని అనుమానిస్తున్నాను. దేశం దాని చివర ఉంటే నేనేం చెయ్యను?"

"మా బృందమంతా ప్రార్థనలో ఉంది. ఒక్కడు లేకపోయినా నన్నడగండి."

అది నిజమే. నుకుమాతా బృందమంతా రెండో వరసలో నిలబడి పాడటం ఫెతూ కళ్ళారా చూసింది. కెప్టెన్ అయితే పాస్టరు ప్రసంగం మొదలవగానే గురక అందుకున్నాడు. దానికి కూడా శ్రుతి ఉందని అత్తలంతా మెచ్చుకున్నారు.

"అసలు విషయం వదిలేసి ముడులు విప్పుతున్నారు," కెప్టెన్ గొంతు పెంచాడు. "చాప ఎక్కడుందో ఎవరికి తెలుసు? ఈ ముసలాయనకి. ఒంటరిగా ఎవరున్నారు? ఈ ముసలాయన. విచారణ చేసేదెవరు? ఈయన మేనకోడలు! ఇదేనా మీ న్యాయం?"

"ఈ ఊళ్ళో ఆయనకి బంధువు కానివాళ్ళు మీరొక్కరే. పోనీ మీకే అప్పగిద్దామంటే ముడి మీదే అయింది."

ఉలుఫాలె మధ్యలో కిసుక్కుమన్నాడు. బిరుదు పోయే రోజున కూడా ఆయనకు నవ్వు ఆగదు.

"మావయ్యా, పరుపు కింద ఉందని ఎవరెవరికి చెప్పావు?"

ఆయన నవ్వు ఠక్కున ఆగింది. నేల చూపులు చూశాడు. "నిన్న సాయంత్రం కావా కషాయం తాగుతూ కూర్చున్నాం. ఈ కెప్టెను, ఆ లపానా గారు, అధ్యక్షుడు తాకెలో గారు. చాప గురించి కథ చెప్పమన్నారు. నన్ను మాట్లాడమంటే ఆగుతానా?"

"ఏం చెప్పావు?"

"ఉన్నదే చెప్పాను. మా తాత పడవ చీకట్లో నుకుమాతా పడవను గుద్దింది. వాళ్ళ మనిషి ఒకడు పోయాడు. తాత ఏం చేశాడు? ఈ తిమువైని నెత్తిమీద కప్పుకుని, వాళ్ళ దీవికెళ్ళి, ఆ విధవరాలి ఇంటిముందు కూర్చున్నాడు. ముందర కట్టెలు, పొయ్యిరాళ్ళు, ఆకులు. తప్పు చేశాను, ఇవిగో కట్టెలు, ఇవిగో రాళ్ళు, కావాలంటే నన్ను పందిలా కాల్చుకు తినండి అని దానర్థం. ఎండలో అలా కూర్చునే ఉన్నాడు. చివరికి ఆమె వచ్చి చాప ఎత్తింది. ఎత్తితే క్షమించినట్టే, ఆ మాట ఇక జన్మలో ఎవరూ ఎత్తకూడదు. ఆచారం ప్రకారం చాప ఆమెదయిపోయింది. కానీ ఆ మహాతల్లి మడతపెట్టి తాత చేతికే ఇచ్చింది. 'దాచిపెట్టండి నాయనా, ఏదో ఒకనాడు మావాళ్ళకూ దీంతో పని పడొచ్చు' అంది."

ఫెతూ ఈ కథ వందసార్లు విని ఉంటుంది. ఆ చివరి మాట మావయ్యతోపాటు ఆమె పెదాలు కూడా పలికాయి.

"ఆ మహాతల్లి ఎవరనుకున్నావు? లపానా గారి నాయనమ్మ! కథ అయ్యేసరికి ఆయన ఏడ్చేశాడు. కావా చిప్ప కిందపెట్టి లేచిపోయాడు. నా మాటలో ఇంకా పస ఉందని రాత్రంతా మురిసిపోయానే పిల్లా!"

"మా ప్రధాని ఏడవరు," అన్నాడు కెప్టెన్. "కంట్లో నలక పడింది."

బయట ఏదో డబ్బా దడాలున పడింది. వెనకాలే వంటకత్తె సోసె అరుపు. ఊరి విందులన్నీ ఆమె చేతిమీదే నడుస్తాయి. ఆమె గొంతు వింటే కాలుతున్న పంది కూడా లేచి నిలబడుతుందంటారు.

"చాప, చాప అని చస్తున్నారు! నా సంగతి ఎవరైనా పట్టించుకుంటున్నారా?"

"ఏం పోయింది సోసె అత్తా?"

"పొయ్యిరాళ్ళు! ఇన్నేళ్ళుగా ఏరి ఏరి దాచుకున్న రాళ్ళు, ఎంత ఎర్రగా కాల్చినా చిట్లనివి, అయిదు ఎత్తుకుపోయారు. ఒక మోపు కట్టెలు. పొద్దున కోసి పెట్టుకున్న అరిటాకులు. ప్రార్థన కాగానే వచ్చి చూద్దును గదా, పొయ్యి బోసిపోయిన నోరులా ఉంది. రాళ్ళు ఎత్తుకుపోయే దరిద్రుడు కూడా ఉంటాడా లోకంలో?"

కెప్టెన్ మొదటిసారి నవ్వాడు. "రాళ్ళ దొంగతనం! ఇన్‌స్పెక్టర్ గారూ, ఈ కేసు మీ స్థాయికి సరిపోతుంది. చాప నేను చూసుకుంటాను."

ఫెతూ నవ్వలేదు. చాప. కట్టెలు. రాళ్ళు. ఆకులు. ఇందాకటి కథలో తాత ముందు పెట్టుకున్నవే అన్నీ.

మావయ్యే అయ్యుంటాడు. చాప పోయిందని తనే అరిచి, సాయంత్రం దాన్నే నెత్తిన కప్పుకుని అందరిముందూ కూర్చుంటాడు. కానీ ఏ తప్పుకి? ఏం చేశాడీ ముసలాయన? ముడి సంగతి ఆమె ఆ క్షణాన మరిచిపోయింది. రక్తసంబంధం బుర్రను ఎంత మొద్దుబారుస్తుందో చెప్పడానికి వేరే ఉదాహరణ అక్కర్లేదు.

వంటశాల నుంచి తిరిగి వస్తుంటే దారిలో తాకెలో అడ్డంపడ్డాడు. మోతులోవా దేశపు ప్రధాని, ఈ సమావేశానికి అధ్యక్షుడు. మనిషి ఎంత పెద్దవాడో నవ్వు అంత పెద్దది. చేతిలో పంది తొడ ఉంది.

"భోంచేశావా అమ్మాయీ? లేదా? అయ్యయ్యో! ఆ చాప గోల ఇక వదిలెయ్. పెద్దాయన పారేసుకున్నాడు. క్షమించేద్దాం. వేరే చాప ఒకటి పరిచేద్దాం, రేపు సంతకాలు కానిచ్చేద్దాం. అందరం ఒకే కుటుంబం. కుటుంబంలో విచారణలేమిటి?"

"పోలీసులం గదండీ, అడగడం అలవాటు."

"అడక్కమ్మా, అడిగినకొద్దీ పెరుగుతుంది. క్షమించేస్తే పోలా?" తొడ కొరుక్కుంటూ వెళ్ళిపోయాడు. మంచివాడు. అందరినీ క్షమిస్తాడు. నిన్న తనమీద కావా ఒలకబోసిన కుర్రాణ్ణి క్షమించాడు, ఆలస్యంగా వచ్చిన పాస్టరుని క్షమించాడు, ఎవరూ దొరక్కపోతే వానను క్షమించాడు.

పొద్దు వాలింది. ఫెతూ మావయ్య ఇంటికి వచ్చేసరికి ఆయన సుద్దగీత లోపలే వెల్లకిలా పడుకుని హాయిగా నిద్రపోతున్నాడు. లేపింది.

"నిజం చెప్పు. చాప నెత్తిమీద వేసుకుని కూర్చోవాలనుకుంటున్నావా?"

"కూర్చుందును గదే!" అన్నాడు కళ్ళు నులుముకుంటూ. "చాప పోగొట్టినందుకు కూర్చోవాల్సిందే. కానీ కప్పుకోడానికి ఆ చాప ఉంటే గదా?"

ఆయన అబద్ధమాడితే ఎడమ చెవి కదులుతుంది. చెవి కదలలేదు. ఫెతూకు ప్రాణం లేచొచ్చింది, ఆ వెంటనే ముడి గుర్తొచ్చింది.

అప్పుడే శంఖం ఊదారు.

సాయంత్రపు ప్రార్థన శంఖం. మళ్ళీ శంఖం మోగేదాకా ఊళ్ళో ఎవరూ ఇల్లు కదలకూడదు. ఊరి కుర్రాళ్ళు దుడ్డుకర్రలతో దారి పొడుగునా నిలబడతారు. కదిలినవాడు రాజైనా జరిమానాయే. ఇళ్ళన్నీ ఊరి మధ్య పచ్చికబయలు చుట్టూనే. అన్ని ఇళ్ళలోనూ కీర్తన మొదలైంది. కెప్టెన్ కూడా ఇరుక్కుపోయి, స్తంభానికి ఆనుకుని గడియారం చూసుకుంటున్నాడు.

రెండో చరణం దగ్గర ఉలుఫాలె పాట ఆగిపోయింది. ఆ పక్కింట్లో ఆగింది. దాని పక్కింట్లో ఆగింది.

నాయకులు దిగిన అతిథిగృహం ఎదుట, పచ్చికబయలు నడిమధ్య, ఒక మనిషి బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. నెత్తిమీదినుంచి ఒళ్ళంతా కప్పుతూ చాప. అంచున ఎర్ర ఈకలు. ముందర మోపు కట్టెలు, అయిదు రాళ్ళు, అరిటాకులు.

గోడల్లేని ఊరు. ప్రతి ఇంటివాళ్ళూ చూస్తున్నారు. ఒక్కరూ కదలడానికి లేదు.

"తిమువై!" అన్నాడు ఉలుఫాలె.

"నా రాళ్ళు!" అంది ఎక్కడినుంచో సోసె.

"నా సాక్ష్యం!" అని కెప్టెన్ ఒక్క గెంతు గెంతాడు. పది అడుగులు వెయ్యకముందే ఇద్దరు కుర్రాళ్ళు రెండు రెక్కలూ పట్టుకున్నారు.

"వదలండి! నాకు దౌత్య రక్షణ ఉంది!"

"ఉంటే ఉండనివ్వండి సార్. ప్రార్థనవేళ బయటికొస్తే ఒక పంది. పరిగెత్తితే రెండు. అరిస్తే ఎంతో పెద్దల్ని అడిగి చెబుతాం," అన్నాడు ఒకడు.

ఫెతూ టోపీ తీసి మావయ్య చేతికిచ్చింది. "నా పేర ఒక పంది రాయించు," అని నడుచుకుంటూ వెళ్ళింది. పరిగెత్తలేదు. రెండో పంది దండగ.

ఆమె చేరేసరికి కెప్టెన్ ఎలాగో విదిలించుకుని వచ్చి, రబ్బరు తొడుగుల చేత్తో చాప అంచు అందుకోబోయాడు. ఫెతూ ఆ చేతిమీద ఫట్‌మని ఒకటి వేసింది.

"ఎత్తారో, క్షమించినట్టే! ఏం తప్పో తెలియకుండా క్షమించేస్తారా? ఆ తర్వాత నోరెత్తడానికి ఎవరికీ హక్కు లేదు. కేసూ లేదు, మీరూ లేరు, నేనూ లేను."

కెప్టెన్ చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. కళ్ళు మాత్రం చాప పక్కన ఒద్దికగా విడిచిపెట్టిన నల్లబూట్ల మీద పడ్డాయి. నల్లద్దాలు తీసి మళ్ళీ చూశాడు. ఆయన కళ్ళు ఎలా ఉంటాయో ఊరికి అప్పుడు తెలిసింది. చిన్నపిల్లాడి కళ్ళు.

"ఈ బూట్లు... పొద్దున నేనే పాలిష్ పెట్టాను," అన్నాడు.

"మీ బృందమంతా ప్రార్థనలో ఉందన్నారు?"

"బృందం అంటే బృందం! ఆయన నాయకుడు. ఆయన్ని బృందంలో ఎలా కలుపుతాను? కడుపునొప్పని గదిలో పడుకున్నారు..." మాట మింగేశాడు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడం అంటే ఇదే. పైగా ఈ పిల్లకు పొద్దున్నే బూట్లు కూడా తుడిచిపెట్టాడు.

"అయితే ఏ నేరం కింద రాసుకోవాలి?" అన్నాడు నీరసంగా.

"తనకిచ్చే బహుమతి ఒకరోజు ముందే తీసుకున్నందుకు సెక్షన్ ఏదైనా మీ మూడు వారాల్లో చెప్పారా?"

చాప కింద ఎవరో గట్టిగా ఊపిరి తీసుకున్నారు.

"ఇన్‌స్పెక్టర్ గారూ," అంది లపానా గొంతు. బొంగురుపోయి ఉంది. "రేపు దీన్ని నా ఒళ్ళో పరుస్తారట. గౌరవంగా. నాయనమ్మ మాట విన్నాక ఒళ్ళో పెట్టించుకోలేనమ్మా. నెత్తినే పెట్టుకోగలను. పని పడొచ్చంది చూడండి, నాకే పడింది."

"ఏం చేశారు సార్?"

"మా సముద్రాన్ని విదేశీ చేపల కంపెనీకి అమ్మేశాను. పోయిన నెల్లోనే. పదేళ్ళకి. మా దీవిలో బావులన్నీ ఉప్పుబారాయి. మొగలి చెట్టు కూడా బతకడంలేదు, మా ఆడవాళ్ళు చాప అల్లి ఎన్నేళ్ళయిందో. మంచినీళ్ళ యంత్రాలు ఇస్తామన్నారు. సంతకం పెట్టాను. రేపు మీరంతా కలిసి రాసుకునే కాగితం నాలుక గీసుకోడానిక్కూడా పనికిరాదు. ఓడలు అప్పుడే బయల్దేరాయి."

కెప్టెన్ పెనితుసి మోకాళ్ళమీద కూలబడ్డాడు. తన ప్రధాని పక్కనే, కట్టెల ముందు. తొడుగులు ఒక్కొక్కటే ఊడదీసి పక్కన పెట్టాడు. ఇందాకటినుంచీ ఆ మనిషిమీద ఉన్న చిరాకంతా ఫెతూకు ఒక్కసారిగా దిగిపోయింది.

మళ్ళీ శంఖం మోగింది. ప్రార్థన ముగిసింది. కానీ ఏ ఇంట్లోంచీ ఎవరూ బయటికి అడుగు పెట్టలేదు. తప్పు చేసినవాడు కూర్చున్నప్పుడు తొందరపడకూడదు. అతని తప్పు బరువెంతో ఊరంతా కూర్చుని తూచాలి. ఆ సంగతి చిన్నపిల్లలకు కూడా తెలుసు.

"ఇంకో మాట," అంది చాప కింది గొంతు, ఇంకా తగ్గించి. "నేనొక్కణ్ణే కాదు. ఈ ఎనిమిదిమందిలో ఇంకొకడున్నాడు. ఆ కంపెనీవాళ్ళను నా దగ్గరికి తీసుకొచ్చిందే వాడు. పేరు చెబుతాను. అందరూ విన్నాకే ఈ చాప..."

"అయ్యయ్యో! అయ్యయ్యో!"

అతిథిగృహం మెట్లమీదినుంచి ఒక మనిషి దొర్లుకుంటూ వస్తున్నట్టు వచ్చాడు. ఊరంతా కూర్చుని ఉంటే కదిలింది ఆయనొక్కడే. కాళ్ళకు చెప్పుల్లేవు, చేతిలో పంది తొడ లేదు, నవ్వు మాత్రం ఉంది.

"పాపం, ఎంతసేపని కూర్చోబెడతారయ్యా పెద్దమనిషిని? తప్పులు చెయ్యనివాళ్ళెవరు? అధ్యక్షుణ్ణి, అందరి తరఫునా నేను క్షమించేస్తున్నాను. ఎత్తేస్తే అయిపోతుంది గదా! ఇక ఎవరూ నోరెత్తకూడదు గదా!"

తాకెలో వంగాడు. కొవ్వు అంటిన వేళ్ళు ఎర్ర ఈకలకు జానెడు దూరంలోకి వచ్చాయి.

ఫెతూ ఆ మణికట్టు పట్టుకుంది.

"ఏం తప్పు చేశాడో అడగనైనా లేదేం సార్?" అంది.

ఆ నవ్వు కరిగిపోవడం ఆమె దగ్గరనుంచి చూసింది. ఆ చెయ్యి లాక్కోబోయింది. ఆమె వదల్లేదు. వెనక ఇంట్లో మావయ్య లేచి నిలబడి, సభలో మాట్లాడేముందు సవరించుకున్నట్టు గొంతు సవరించుకున్నాడు.

"ఇన్‌స్పెక్టర్ గారూ," అని అడిగింది చాప కిందినుంచి లపానా గొంతు, "నాకేమీ కనిపించడంలేదు. చాప ఎత్తబోయిన ఆ చెయ్యి ఎవరిది?"